దేవదానం అడిగిన ఒక్క రోజు

బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో లేత్ మిషన్ మీద పనిచేసే నాగేంద్రకు కొండల పిచ్చి. మామూలు పిచ్చి కాదు. ఆదివారం తెల్లారితే సావనదుర్గ, కాకుంటే శివగంగ. తోడు ఎప్పుడూ ఒక్కడే, పక్క మిషన్ మీద ఉండే దేవదానం. వయసులో పెద్ద, మాటలో మెత్తన.

తొంభైఆరులో నాగేంద్ర హిమాలయాల మీద కన్నేశాడు. గఢ్వాల్‌లో ఒక మంచు కనుమ దాటాలి. అదీ తామిద్దరే. గైడు, వంటవాడు, కంచరగాడిదలతో జనాన్ని ఊరేగింపుగా తీసుకుపోయే కంపెనీలంటే అతనికి ఒళ్లుమంట.

"గుంపులో పొయ్యేదానికి తీర్థయాత్ర బస్సెక్కితే సరిపోలా? మన కాళ్లు, మన మూట, మన దారి. అంతే అన్నా!" అనేవాడు.

ఏడాదంతా అదే లోకం. చిక్కపేటలో గట్టి కాన్వాసు కొని, అక్కడే ఒక దర్జీతో వీపు సంచులు కుట్టించారు. వాటిలో ఇసుక నింపుకుని శివగంగ ఎక్కారు. చూసినవాళ్లు నవ్వారు. నవ్వరా మరి! దేవదానం భార్య వరూధిని రాగిపిండి వేయించి, బెల్లం కలిపి పొట్లాలు కట్టింది. పటం ముందేసుకుని ఎక్కడెక్కడ ఆగాలో ఇద్దరూ కలిసే తేల్చుకున్నారు. దేవదానం అడిగింది ఒక్కటే.

"కనుమ కింద ఒగ దినం సుమ్నే, ఎక్కకుండా ఉండిపోదామప్పా. ఆ ఎత్తులో గాలి పల్చగా ఉంటాదంట. ఒళ్లు అలవాటు పడల్ల."

"ఉందాములేన్నా. నీ మాట ఎప్పుడన్నా కాదంటినా?" అన్నాడు నాగేంద్ర.

కనుమ కిందికి చేరిన సాయంత్రమే కథ అడ్డం తిరిగింది. వెనకనుంచి ఒక కంపెనీ గుంపు, గాడిదల మెడగంటలు మోగుతుండగా వచ్చి, పక్కనే గుడారాలు వేసింది. రేపు తాము విశ్రాంతి తీసుకుంటామని, ఎల్లుండి తమతోపాటే దాటవచ్చని వాళ్ల గైడు మర్యాదగానే చెప్పాడు. నాగేంద్రకు తల కొట్టేసినట్టయింది. ఇంతా చేసి, చివరికి గుంపు తోక పట్టుకుని దాటాలా?

"రేప్పొద్దున్నే పోదామన్నా."

"తలకాయి పగిలిపోతా ఉండాదప్పా."

"సావనదుర్గ ఒక్క దమ్ములో ఎక్కేటోనివి! నడిస్తే అదే పోతాదిలే."

దేవదానం అతని మొహంలోకి చూశాడు. సంచి సర్దుకున్నాడు. గట్టిగా వద్దని ఉంటే ఎంత బాగుండేదో! అట్లా అనే మనిషి కాదు, అది నాగేంద్రకు బాగా తెలుసు. తెలిసే అడిగాడు.

మరునాడు కనుమకు కాస్త కింద దేవదానం మంచులో కూలబడ్డాడు. ఊపిరాడలేదు, మాట తడబడింది. మోసుకు దిగలేక, వదిలి పోలేక, నాగేంద్ర అక్కడే గుడారం వేసి అతన్ని పట్టుకుని కూర్చున్నాడు. తర్వాతి రోజు పైకి వచ్చిన ఆ గుంపువాళ్లే మోసుకుని దించారు. ప్రాణం దక్కింది. మంచు కొరికిన కుడికాలి వేళ్లు దక్కలేదు.

బెంగళూరు ఆసుపత్రిలో వరూధిని "ఎట్లాయ ఇదంతా?" అని అడిగింది. నాగేంద్ర నోరు తెరిచేలోపే మంచం మీదినుంచి జవాబొచ్చింది.

"నేనే తొందరపెట్టినా. ఒగ దినం ఆగుదామని నాగేంద్ర చెప్తానే ఉండె."

నాగేంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. పాపిష్టి మనసు, సంతోషించింది కూడా. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాడు. ఆ తర్వాత ఏళ్లు గడిచిపోయాయి. నిలబడే పని చేయలేక దేవదానం స్టోర్సులో కూర్చున్నాడు. అడిగినవాళ్లందరికీ అదే చెప్పేవాడు. నాగేంద్ర ఆ సంగతి ఎత్తబోతే "పోనీలేప్పా, అయిపోయినదానికేమి" అంటూ టీకి లాక్కుపోయేవాడు. నాగేంద్ర మళ్లీ కొండెక్కలేదు.

రెండువేల ఏడులో దేవదానం గుండెపోటుతో పోయాడు. సమాధిలో అందరూ మట్టి వేశాక వరూధిని నాగేంద్రను దగ్గరికి పిలిచింది. ఈసారైనా చెప్పెయ్యాలి, ఆమెకు నిజం తెలియాలి అనుకుంటూ వెళ్లాడు.

ఆమే ముందు అతని చేతులు పట్టుకుంది. "మీ అన్న మొండితనానికి నువ్వు కూడా ఆ మంచులో సచ్చిపోతా ఉంటివి. ఇన్నేండ్లూ నీ మొహం చూడల్లంటే నాకు సిగ్గయితా ఉండె. మీ అన్నను క్షమించప్పా."

బంధువులు, చర్చివాళ్లు, ఫ్యాక్టరీవాళ్లు, అందరూ నాగేంద్రవైపే చూస్తున్నారు.

"పర్వాలేదులే వదినా," అన్నాడు.