హాకిం కుర్చీ ముందు ఇంగ్లీషు

నర్సింగు చదివిన నా మనవరాలు ఈ మధ్య ఇంగ్లీషు పరీక్షకు తయారవుతోంది. చెవులకు డిప్పల్లాంటివి తగిలించుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అందులోంచి ఎవరో అడిగే ప్రశ్నలకు గోడవైపు చూస్తూ జవాబులు చెబుతుంది. మొన్న పొద్దున నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటుంటే లోపలి గదిలోంచి గట్టిగా వినిపించింది: "నో, ఐ డోంట్ అగ్రీ విత్ యూ." కంగారుపడి వెళ్లి చూస్తే అది ఒక్కతే ఉంది. ఎవరితోనే ఈ పోట్లాట అని అడిగాను. "పోట్లాట కాదు నానమ్మా, ప్రాక్టీస్. వాళ్లు ఒకటి చెప్తరు, మనం కాదనాలె, ఎందుకు కాదో చెప్పాలె. మార్కులు దానికే ఉంటయి" అంది. అది కూర్చున్నది చేతులున్న మా పాత టేకు కుర్చీలో. నడుముకు హాయిగా ఉంటుందని ముందుగదిలోంచి ఈడ్చుకుపోయింది. ఆ కుర్చీలో ఎక్కి కూర్చుని ఒక ఆడపిల్ల "నో" అని అరవడం చూసి నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ వయసులో ఆ రెండింటికీ పెద్ద తేడా ఉండదు లెండి.

ఆ కుర్చీ మా నాయన చేయించింది. ఆయన నిజాం కాలంలో సూర్యాపేట తాలూకా కచేరీలో పేష్కారు. తాలూకా అధికారిని అప్పట్లో హాకిం అనేవాళ్లు. ఆ హాకిం పక్కన నిలబడి కాగితాలు చదివి వినిపించడం పేష్కారు పని. నాయన ఉర్దూ చదువుతుంటే ఆ గొంతు వినడానికి పనిలేని వాళ్లు కూడా కచేరీ అరుగు మీద కూర్చునేవాళ్లట. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఆయన మర్యాద సంగతి ఇక చెప్పనక్కర్లేదు. హాకిం నోట వచ్చిన మాటను కాదనకూడదన్నది ఆ కచేరీల కట్టుబాటు. అందులో మా నాయన మరీ నిష్ఠాపరుడు. ఒకసారి ఆత్మకూరు పక్క పొలాలు చూడడానికి వెళ్లినప్పుడు కొత్త హాకిం జొన్నచేను చూసి "చెరుకు బాగా ఎదిగిందే" అన్నాడట. "జీ హుజూర్" అన్నాడు నాయన. చేను గల రైతు నోరు తెరిచి నిలబడిపోయాడు. తిరుగుదారిలో చాలా దూరం వచ్చాక నాయన మెల్లగా విన్నవించుకున్నాడట: "హుజూర్, ఈ చెరుకును ఇక్కడివాళ్లు జొన్న అంటారు." దాన్నే తెలివి అనుకునేవాళ్లు అప్పట్లో. నిజానికి తెలివే.

హాకిం ఎప్పుడైనా ఇంటికి వస్తే కూర్చోబెట్టాలని ఆ కుర్చీ చేయించాడు. ఒక హాకిం ఒకే ఒక్కసారి వచ్చాడు, మజ్జిగ తాగి వెళ్లాడు. ఆ తర్వాత దాని మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నాయన చాప మీద కూర్చునేవాడు. అమ్మ రోజూ దాన్ని తుడిచేది కానీ చేతి మీద చెయ్యి ఆనించి నిలబడడానికి కూడా జంకేది. మా ఇంట్లో ఆ ఖాళీ కుర్చీకి ఉన్నంత గౌరవం మా ఎవ్వరికీ లేదని నాకు చిన్నప్పుడే తెలుసు.

అంతలో నిజాం రాజ్యం పోయింది. మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో పిడుగులాంటి హుకుం వచ్చింది. ఇకమీదట కచేరీలో కాగితాలన్నీ ఇంగ్లీషులో నడుస్తాయి, ఉర్దూ మాత్రమే వచ్చిన ఉద్యోగులు ఒక ఇంగ్లీషు పరీక్ష పాస్ కావాలి. ఏ తాలూకా వాళ్లకైనా ఒకటే పరీక్ష. అధికారి చదువుతుంటే తప్పుల్లేకుండా రాయాలి, ఒక అర్జీ రాయాలి, చివర అధికారి ఎదుట ఇంగ్లీషులో మాట్లాడాలి. మూడింటిలో ఏది తప్పినా కొలువు పోతుంది. మాకు సెంటు పొలం లేదు, నాయన కొలువే మా కంచంలో అన్నం. నలభై దాటిన మనిషి, ఏబీసీడీ అంటే ఏమిటో తెలియని మనిషి, ఆ వార్త విని రెండు పూటలు అన్నం ముట్టలేదు.

మూడో పూటకు తేరుకుని బజారు నుంచి ఒక వాచకం తెచ్చాడు. ఉర్దూ పుస్తకాల అలవాటు కొద్దీ చివరి అట్ట తెరిచి అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు. అలా మా ఇంట్లో ఇంగ్లీషు జడ్ అక్షరంతో అడుగుపెట్టింది. దాని పక్కనున్న జీబ్రా బొమ్మను మా నాయనమ్మ చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇంగ్లీషోళ్లు గాడిదలకు సుత అంగీలు తొడిగిన్రారా కొడుకా! గీళ్లతోని మనం గెలుస్తమా?" అని నిట్టూర్చింది.

ఇక లాభం లేదని అమ్మ కోదాడ అత్తమ్మకు కబురు పెట్టింది. అత్తమ్మ అంటే అమ్మ తమ్ముడి భార్య. పుట్టింది మునగాల పరగణాలో. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా ఆ కాస్త నేల మద్రాసు సర్కారు కింద ఉండేది, బళ్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సు ఆ పరగణా మధ్య నుంచే పోయేది. కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఇంగ్లీషు ఉండగా మాకు ఇన్నాళ్లూ దానితో పనే పడలేదు. మామ ఆమెను అప్పట్లో బొగ్గుతో నడిచే బస్సులో తెచ్చి దింపి, వానలు పడ్డాక వచ్చి తీసుకుపోతానని వెళ్లాడు. ఇరవై నిండిన మనిషి, గలగలా మాట్లాడే మనిషి, ఎవరికీ జంకని మనిషి. వచ్చిన పూటే కొంగు బిగించి, "అన్నయ్యగారూ, ముందు పుస్తకం తిరగేసి పట్టుకోండి" అంది. మా ఇంట్లో నాయనకు ఒకరు ఆజ్ఞ ఇవ్వడం నేను వినడం అదే మొదలు.

నాయన చదువు చూసి అత్తమ్మ ఆశ్చర్యపోయింది. అక్షరాలు వారంలో వచ్చేశాయి. ఎండలు ముదిరేసరికి ఆమె చదువుతుంటే తప్పు లేకుండా రాసేవాడు, ఆ రాత చూస్తే అచ్చు వేసినట్టే ఉండేది. అర్జీలు రాయడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య, భాష మారిందంతే. మిగిలింది ముఖాముఖి. ఒక సాయంత్రం అత్తమ్మ పెరట్లో కట్టేసిన బర్రెను చూపించి, "ఈజ్ దిస్ ఎ గోట్?" అని అడిగింది. నాయన దాన్ని ఓసారి చూసి, వినయంగా "ఎస్" అన్నాడు. అత్తమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ "ఎస్". అత్తమ్మ మొహం వాడిపోయింది. గోట్ అంటే మేక అని పొద్దున్నే చెప్పాను కదా, మరిచిపోయారా అని అడిగింది.

"ఎందుకు మర్చిపోత చెల్లె? అది బర్రె అని నాకు తెల్వదా?" అన్నాడు నాయన నొచ్చుకుంటూ. "గురువు స్థానంల కూసోని నువ్వు మేక అన్నంక, కాదని నేనెట్లంట?"

అత్తమ్మ అరుగు మీద కూలబడింది. "అయ్యో అన్నయ్యగారూ! వాళ్లు కావాలనే తప్పు అడుగుతారండీ. మా అన్నయ్యను బెజవాడలో అలాగే అడిగారు. ప్రశ్న అర్థమయిందో లేదో చూడ్డానికి అడుగుతారు. మీరు ఎస్ అన్నారో, అంతే, మీకు ఇంగ్లీషు రాదని రాసేస్తారు" అంది. స్పెల్లింగులకు భయపడని నాయన దీనికి భయపడ్డాడు. "కాదు" అన్న మాట ఆయనకు రాదని కాదు. అమ్మనూ నన్నూ కాదనడానికి ఆయనకు ఏ శిక్షణా అవసరం లేదు, పొద్దున లేస్తే అదే పని. పెద్ద స్థానంలో కూర్చున్నవాళ్ల ముందు మాత్రం ఆ మాట ఆయన గొంతు దాటి వచ్చేది కాదు.

ఆ సంగతి కనిపెట్టింది అత్తమ్మే. మర్నాడు సాయంత్రం ఆ టేకు కుర్చీని వాకిట్లోకి లాగి, తనే అందులో కూర్చుంది. నాయనమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాయన కాళ్లు వాటంతట అవే దగ్గరకు చేరాయి, చేతులు కట్టుకున్నాయి, తల వంగింది. "ఈజ్ ఇట్ రెయినింగ్?" అంది అత్తమ్మ. రోళ్లు పగిలే ఎండలో నాయన తడిసి ముద్దయినవాడిలా నిలబడి "ఎస్" అన్నాడు. ఆ రోజు నుంచి అదే మా పని. నన్ను కూర్చోబెట్టారు. నా కాళ్లు నేలకు అందవు, అయినా కుర్చీ కుర్చీయే. నువ్వు నా కొడుకువా అని ఇంగ్లీషులో అడిగితే నాయన ఎస్ అన్నాడు. నాయనమ్మ ఎక్కి కూర్చుని, తనకు వచ్చిన తెలుగులోనే, "ఏమిరా, నాకింక పండ్లన్నీ ఉన్నయా?" అని బోసినోరు తెరిచి చూపించింది. ఆయన కాసేపు ఆ నోట్లోకి చూసి ఎస్ అన్నాడు. ఇల్లంతా నవ్వులు. నాయన ఒక్కడే నవ్వలేదు. ఆ నవ్వుల కింద మా భయమంతా ఉంది, పరీక్ష దగ్గరపడుతోంది.

చివరికి ఒకనాడు అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. అత్తమ్మ దగ్గర చాటుగా నేర్చుకుని వచ్చినట్టుంది. ఎన్నడూ ఆనుకోనైనా ఆనుకోని ఆ కుర్చీలో తిన్నగా కూర్చుంది, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "విల్ యూ ఫెయిల్?" అని అడిగింది. ఫెయిల్ అన్న మాట ఇంగ్లీషు రాని ఇళ్లలో కూడా అందరికీ తెలిసిన మాటే. ఎవరూ నవ్వలేదు. నాయన తల ఎత్తి అమ్మను చూశాడు. కట్టుకున్న చేతులు విడిచాడు. "నో" అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. తర్వాత, మర్యాద తప్పిందేమోనని గుర్తొచ్చి, "నో, మేడం" అని దిద్దుకున్నాడు. అమ్మ చటుక్కున లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది.

పరీక్ష మిర్యాలగూడ బళ్లో జరిగింది. అక్కడ మా పెద్దమ్మ ఇల్లు ఆ బడి పక్కనే, బడి కిటికీకీ పెద్దమ్మ వాళ్ల గోడకూ మధ్య ఒక సందు. అమ్మ రాలేదు. శిష్యుణ్ణి ఒంటరిగా వదలనని అత్తమ్మ వచ్చింది. ఆడపిల్ల ఎదురొస్తే శుభమని నాయనమ్మ నన్ను పంపింది. గేటు దగ్గర ఎదురొచ్చి నా పని నేను చేశాను. రాతలు మధ్యాహ్నానికి అయిపోయాయి. ముఖాముఖి మొదలయ్యేసరికి అత్తమ్మా నేనూ సందులో కిటికీ కింద నిలబడ్డాం. అధికారి మద్రాసు నుంచి వచ్చినాయన, ఉర్దూ ముక్క రాదు. ఆయన అడిగేవి అత్తమ్మ నా చెవిలో తెలుగులో చెప్పేది. పెద్దవూర నుంచి వచ్చిన నెరిసిన గడ్డం మున్షీని, మీ ఊరు సముద్రం ఒడ్డున ఉందా అని అడిగాడు. ఆ పెద్దమనిషి రెండు చేతులూ జోడించి "ఎస్ సర్" అన్నాడు. తర్వాతి ఆయనను, సూర్యుడు పడమట ఉదయిస్తాడా అంటే, "ఎస్ సర్, ఎస్ సర్" అని రెండుసార్లు ఒప్పుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, తెలిసి తెలిసి, మర్యాద కొద్దీ మునిగిపోతున్నారు. అధికారి ప్రతిసారీ నిట్టూర్చి ఏదో రాసుకుంటున్నాడు. అత్తమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

నాయన వంతు వచ్చింది. "ఈజ్ సూర్యాపేట బిగ్గర్ దేన్ హైదరాబాద్?" అన్నాడు అధికారి. సూర్యాపేట వాడెవడికైనా అవుననాలనిపించే ప్రశ్న! కిటికీ ఊచల్లోంచి నాయన వీపు కనిపిస్తోంది, తల వంగుతోంది. అయిపోయిందనుకున్నాను. అంతలో ఆ తల ఎత్తుకుంది.

"నో, సర్."

అధికారి కళ్లద్దాలు తీశాడు. "బట్ ఐ సే ఇట్ ఈజ్ బిగ్గర్" అన్నాడు గట్టిగా. "నో, సర్. హైదరాబాద్ ఈజ్ బిగ్" అన్నాడు నాయన. "దెన్ యామ్ ఐ రాంగ్?" అని ఉరిమినట్టు అడిగాడు ఆయన. అయితే నాది తప్పంటావా అని అత్తమ్మ నాకు చెప్పడం పూర్తికాకముందే, కచేరీలో ఇన్నేళ్లూ పలికిన అదే నిండైన గొంతుతో, అంతే వినయంగా, నాయన అన్నాడు: "ఎస్, సర్."

అధికారి విరగబడి నవ్వాడు. లేచి నాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒక్కడు, ఇంతమందిలో ఒక్కడికి ఇంగ్లీషు వచ్చు అన్నాడు. అప్పుడు మా నాయన చేసిన పనికి ఇప్పటికీ నా గుండె పొంగుతుంది. "నో, సర్" అన్నాడు మళ్లీ, ఈసారి ఎవరూ అడగకుండానే. "దే నో ఎవ్రీథింగ్. దే గివ్ రెస్పెక్ట్, సర్." వాళ్లకు అన్నీ తెలుసు, గౌరవం కొద్దీ కాదనలేదని అర్థం. ఆ వాక్యం అత్తమ్మ నేర్పింది కాదు. అధికారి కాసేపు ఆలోచించి, ముందు వెళ్లిన వాళ్లందరినీ మళ్లీ పిలిపించాడు. నాయన వరండాలో వాళ్లకు చెప్పింది ఒక్కటే: "జర వినుండ్రి, లోపల కాదంటే ఏం గాదు. ఆ సారు కోపం జెయ్యడు." పెద్దవూర మున్షీ లోపలికి అడుగు పెడుతూనే, ప్రశ్న అడగకముందే, "నో సర్!" అని కేకపెట్టాడు. సందులో మేమిద్దరం గోడకు ఆనుకుని నవ్వలేక చచ్చాం. సాయంత్రానికి అందరూ గట్టెక్కారు.

తిరుగు బస్సులో అత్తమ్మ ఉండబట్టలేక అడిగింది, ఆ క్షణంలో ఏమనుకున్నారు అన్నయ్యగారూ అని. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ కుర్చీల నాకు మీ వదినె కనబడ్డది చెల్లె" అన్నాడు. ఇల్లు చేరేసరికి అమ్మ గడప దగ్గరే ఉంది. "ఏమయింది? జల్ది చెప్పుండ్రి. పోయిందా?" అంది. నాయన బస్సు దుమ్ము కూడా దులుపుకోకుండా ఆమె ముందు తిన్నగా నిలబడ్డాడు.

"నో, మేడం" అన్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దుగూకే వేళ నాయన చాప మీద కూర్చుని ఇంగ్లీషు పేపరు పైకి చదివేవాడు, అమ్మ ఆ కుర్చీలో కూర్చుని, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, చివరిదాకా వినేది. మళ్లీ దాన్ని ఎవరి కోసమూ ఖాళీగా ఉంచలేదు. నిజాం రాజ్యం పోవడానికి నాలుగు రోజులే పట్టిందని అప్పట్లో అందరూ వింతగా చెప్పుకునేవాళ్లు. మా నాయన నోట ఒక్క "నో" రావడానికి ఎండాకాలమంతా పట్టింది, ఇవాళ నా మనవరాలు అదే కుర్చీలో కూర్చుని ఆ మాట ఊపిరి తీసుకున్నంత సులువుగా అనేస్తుంటే, ఆ ఎండాకాలం ఇంత దూరం వచ్చి ఇప్పటికి చల్లబడిందనిపిస్తుంది.