వంటింటి గూట్లో ఆమె సర్వర్

పోయిన నెల నా భార్య చనిపోయింది. పొద్దున కాలేజీకి బయల్దేరుతూ ఎదలో నొప్పి అంది. నంద్యాలలోనే ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయాను. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చాం. వెనకే ఫ్రీజర్ పెట్టె వచ్చింది. కరెంటు పోయినా అది ఆగకూడదని మా బావమరిది ఇన్వర్టర్ ప్లగ్గు కోసం వెతికాడు. వంటింట్లో ఒక్కటే ఉంది. అందులోని వైరు పీకి ఫ్రీజర్ వైరు పెట్టాడు. పీకింది ఆమె సర్వర్ వైరు.

ఆమె ఆళ్ళగడ్డలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేది. సర్వర్‌ను బొమ్మలో చూపించడం ఆమెకు రోత. ఎవరో పారేయబోయిన కంప్యూటర్ తెచ్చి, వంటింటి గూట్లో పెట్టి, తానూ నేర్చుకుంటూ సర్వర్‌గా మార్చింది. పిల్లలు రాసిన వెబ్ పేజీలు మా పోపుల డబ్బా పక్కనుంచి ఆళ్ళగడ్డలో వాళ్ళ ఫోన్లకు పోయేవి. ఫ్యాను మోత భరించలేనంటే, "నీ గురక కంటే మేలేలేప్పా" అనేది.

పిల్లలు తప్పులు రాసి దాన్ని తరచూ ఆగిపోయేలా చేసేవారు. భయపడుతూ ఫోన్ చేసేవారు. "చెడగొట్టండి. ఈడ కాకుంటే యాడ చెడగొడతారు, రేపు ఉద్యోగంలోనా?" అనేది. అంతా తుడిచి మొదటినుంచి వాళ్ళ చేతే పెట్టించేది. మనుషులకు ఆ వీలు లేదు.

చూడవచ్చిన వాళ్ళు, ముత్తైదువగా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు. ఆమె పని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆమె విద్యార్థిని మాత్రం, "సార్, మా పేజీలు రావడంల్యా" అంది. చావింట్లో ఏందమ్మా ఈ మాటలని మా అక్క కసిరింది. ఆ రోజు ఆమె కోసం వచ్చిన మాట నాకు అదొక్కటే అనిపించింది.

కర్మ అయ్యాక అక్క చీరలు పంచింది. సర్వర్ పెట్టెను పాత సామాన్ల వాడికి వేయమంది. "పోయినోళ్ళ వస్తువు ఇంట్లో మోగకూడదు. నువ్వేం చేసుకుంటావ్ దాంతో?" నేను వంటింట్లోకి పోయి వైరు మళ్ళీ పెట్టాను. ఫ్యాను తిరిగింది. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే, "వచ్చినాయి సార్" అంది.

అలాగే తిరగనిద్దామనుకున్నాను. కానీ ఆ తరువాత అది ఒక్కసారీ ఆగలేదు. అనుమానం వచ్చి ఆ అమ్మాయినే అడిగితే, "మేడం ఆఖరున పెట్టింది సార్. ఎవురమూ ముట్టుకోవడంల్యా" అంది.

గోడమీద ఫోటోకు నేను దండ వేశాను. సర్వర్‌కు వాళ్ళు వేశారు.

రేపు పొద్దున వైరు పీకి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సులో పోతాను. ఎవరి పేజీలు వాళ్ళను తీసుకోమంటాను. ఆమె చేత్తో పెట్టినదంతా నా ముందే తుడిచి, మొదటినుంచి వాళ్ళనే పెట్టమంటాను.