జావా లెక్కలో తొమ్మిది మంది

కంప్యూటరు చెప్పిన మాటకి తిరుగులేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతూ, జావా కొత్తగా నేర్చుకుంటూ, సెలవులొస్తే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కళింగపట్నంలో మా మేనమామ ఇంట్లో దిగిపోయేవాణ్ణి. జావాలో మనం కష్టపడనక్కర్లేకుండా భాషతోపాటే తయారుగా వచ్చే క్లాసులు, అంటే పనిముట్లలాంటివి, కొన్ని ఉంటాయి. మాటలకి స్ట్రింగ్, అంకెలకి ఇంటీజర్, వాటిని గుంపుగా దాచుకోవడానికి లిస్టు, సెట్టు. ఇవి వాడడం వచ్చేసరికి నా కాళ్లు నేల మీద ఆనడం మానేశాయి. (పరీక్షలో వచ్చిన మార్కుల సంగతి ఇక్కడ అనవసరం.)

ఓసారి పడవలు వేటకి వెళ్లాక తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ వెనక్కి మళ్లాయి. అందరూ వచ్చారో లేదో చూసే పని ఎవరూ అడక్కుండానే నేను మీదేసుకున్నాను. మా వీధి నుంచి వెళ్లినవాళ్లు ముప్ఫై మంది. ఒడ్డుకి చేరిన ప్రతి మనిషి పేరూ సెట్టులో వేస్తూ పోవడం, చివర్లో ఎంతమంది ఉన్నారో అడగడం, అంతే ప్రోగ్రాము. సెట్టే ఎందుకంటే, కంగారులో ఒకే పేరు రెండుసార్లు కొట్టినా అది ఒక్కసారే ఉంచుకుంటుంది. అంత ముందుచూపు నాది! మా వాళ్లలో ప్రతివాడి పేరుకీ ముందు ఏదో ఒకటి తగిలించి ఉంటుంది. పొట్టి, గెడ్డం, మా మావకైతే రేడియో. కంప్యూటర్లో ఇవేం బాగుంటాయని అన్నీ పీకేసి, ఇంటిపేరూ అసలు పేరూ మాత్రమే పెట్టాను. (వీధంతటికీ ఒకటే ఇంటిపేరు.)

చివరి పడవ ఇసుక మీదికి చేరింది. మీట నొక్కాను. ఇరవై ఒకటి. మళ్లీ నొక్కాను. ఇరవై ఒకటే.

"అత్తా, ఇంకా తొమ్మిది మంది రానేదు" అన్నాను.

"ఓలమ్మోలమ్మ!" అంటూ అత్త నెత్తి కొట్టుకుని ఇసుకలో కూలబడింది. ఆ కేకకి ఆడవాళ్లంతా మూగి ఏడుపు అందుకున్నారు. ఒకావిడ తడిబట్టలతో పక్కనే ఉన్న తన మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని మరీ ఏడ్చింది, ఇంకెవరి మొగుడి కోసమో. నన్ను ఒక్కరూ అనుమానించలేదు, ఇంజినీరుని కదా! తల తుడుచుకుంటున్న మావ ఆ తువ్వాలే నడుముకి బిగించి, "పదండ్రా, తెచ్చీయాలి ఆల్లని" అంటూ పడవ తాడు పట్టుకున్నాడు. వెనకాల ఇంకొందరు భుజం వేశారు. సముద్రం అప్పటికే నల్లబడి లేస్తోంది.

అత్త లేచి, "ఆగండెహె! ఎవులు రానేదో పేర్లు సెప్పరా ముందు!" అని నా మీద అరిచింది. రానివాళ్ల పేర్లు నా దగ్గర ఎక్కడివి? వచ్చినవాళ్లవి చదువుతాను, పలకండి అన్నాను.

"అప్పన్న!"

"ఓయ్" అని ఆరు గొంతులు పలికాయి.

తెర వంక చూశాను, ఒక్కడే అప్పన్న. తలెత్తి చూశాను, మావతో కలిపి ఆరుగురు. సింహాచలం అప్పన్నకి మొక్కుకోని ఇల్లు మా వీధిలో లేదు. కొడుకు పుడితే అప్పన్న, కాదంటే అప్పలరాజు. అప్పలరాజులూ ఐదుగురు తేలారు. మొదట వచ్చినవాణ్ణి ఉంచుకుని, ఆ పేరుతో తరవాత వచ్చినవాళ్లందర్నీ సెట్టు కిక్కురుమనకుండా పారేసింది. వాళ్లలో సగం మంది ఇప్పుడు పడవ తోస్తున్నారు, తమను తాము వెతుక్కోవడానికి!

"అయితే నాను ఒడ్డుకి రానేదేటిరా?" అన్నాడు మావ, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి.

"వచ్చినావు మావా, గానీ నీకన్నా ముందు పొట్టి అప్పన్న వచ్చీసినాడు."

"ఆడొస్తే నాను రాకూడదేటి?"

అత్త ఏడుపు ఆపి, ఎవర్ని తిట్టాలో తెలియక మా ఇద్దరి వీపులూ వాయించింది.

ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం. మనుషుల పేర్లతో ఏ ప్రోగ్రాము రాసినా, తలకో నంబరు ఇస్తే గాని నాకు చెయ్యి ఆడదు. ఎదురుగా ఉన్న మనుషుల్ని వదిలి తెరని నమ్మిన ఆ కుర్ర ఇంజినీరుని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతుండగానే మావ గుర్తొస్తాడు. రానివాళ్లెవరని అత్త అడిగింది. తాడు పట్టుకునే ముందు ఆయన అదీ అడగలేదు.