నలభై ఒకటో ట్యూబు

మా ప్రయోగశాలలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. డైరెక్టరు గారి దగ్గర్నుంచి వరండా ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ట్యూబులక్కే. నేను ఆటోక్లేవ్ నడిపేవాణ్ణి. అంటే గాజుసామాను ఆవిరిలో ఉడికించి క్రిములు చంపే పెద్ద కుక్కరు ముందు పద్దెనిమిదేళ్ళుగా నిలబడి చెమటలు కక్కుతున్నవాణ్ణి. నా గదికి పక్కదే ఆమె గది. అందుకని ఆమె గురించి వాళ్ళాయన కంటే నాకే ఎక్కువ తెలుసని నా ధీమా.

పంటల తెగుళ్ళ మీద పరిశోధన అంటే బయటివాళ్ళు ఏవేవో ఊహించుకుంటారు. మేం చేసేదాంట్లో ముప్పాతిక వంతు గాజు కడుక్కోవడమే. ఆకుల మీదా వేళ్ళ మీదా బతికే సూక్ష్మజీవుల్ని పట్టుకొచ్చి, ట్యూబుల్లో పోసిన అగర్ మీద పెంచుతాం. అగర్ అంటే గడ్డకట్టిన గంజిలా ఉండే మేత. నాలుగు వారాలకల్లా ఆ మేత అయిపోతుంది. ఈలోగా కాస్త తీసి కొత్త ట్యూబులోకి మార్చకపోతే చచ్చి ఊరుకుంటాయి. అలాంటివి మా దగ్గర అరవై నాలుగు రకాలు. ఇరవై రెండేళ్ళుగా నెలనెలా వాటిని మారుస్తున్నది ట్యూబులక్క.

సారా దీపం ముందు కూర్చుని, తీగ ఎర్రగా కాల్చి, చల్లార్చి, పాత ట్యూబులో తాకించి కొత్తదాని మీద ఒక గీత గీయాలి. వినడానికి గోరంత పని. కానీ ఫ్యాను వేసుకోకూడదు, మాట్లాడకూడదు, తుమ్మకూడదు. ఎండాకాలంలో ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి ఆమె మొహం పీక్కుపోయి ఉండేది. మెడ నొప్పి వచ్చి పదేళ్ళయింది, పోలేదు. కూతురి పురిటికి వెళ్ళి పదిహేనో రోజుకల్లా బస్సెక్కేసింది. "మనవడికంటే మీ పురుగులే ముద్దా వదినా?" అని వియ్యపురాలు దెప్పిందట. "పురుగులు కావు వదినా, వాటికంటే చిన్నవి" అని చెప్పి వచ్చేసింది.

అరవై నాలుగిట్లోనూ ఆమె కంటికి రెప్పలా చూసుకున్నది నలభై ఒకటో నంబరు. వడలు తెగులొచ్చి నిలువునా వాలిపోయిన టమాటా తోటలో ఒకే ఒక్క మొక్క పచ్చగా నిలబడి ఉంటే, దాని వేరునుంచి మా పాత పెద్దసారు తీసిన బాక్టీరియా అది. దాన్ని పట్టించి నాటిన నారుకు ఆ తెగులు సోకలేదు. "దీన్ని నీ చేతిలో పెడుతున్నానమ్మా. బాగా బలంగా, నిగనిగలాడుతూ పెరిగినదాన్నే ఎంచి మారుస్తూ ఉండు" అని ఆయన చెప్పారు. తర్వాత ఆయన రిటైరయ్యారు, ఆపైన పోయారు. ఫైలు అటకెక్కింది. అక్క మాత్రం ఆ మాటని పొల్లుపోకుండా పాటించింది.

ఈ ఏడు వడలు తెగులు మళ్ళీ విరుచుకుపడింది. రైతులు వాలిపోయిన మొక్కల్ని గోనెసంచుల్లో తెచ్చి మా గేటు ముందు కుమ్మరించారు. కొత్తగా వచ్చిన మేడం, అక్క కూతురి ఈడుది, పాత ఫైలు దులిపి చదివింది. వచ్చే నాట్లకల్లా నలభై ఒకటిని రైతులకి అందించాలని పట్టుబట్టింది. ముందుగా తెగులు సోకిన మన్ను నింపిన కుండీల్లో పరీక్ష పెట్టింది. నలభై కుండీల్లో నలభై ఒకటిని పట్టించిన నారు, నలభై కుండీల్లో ఉత్త నారు. అక్క రోజుకి మూడుసార్లు వెళ్ళి చూసొచ్చేది. పన్నెండో రోజుకి ఎనభై కుండీలూ తలలు వాల్చేశాయి.

"మార్చేటప్పుడు ఎక్కడో వేరేది కలిసిపోయి ఉంటుంది" అన్నారు అందరూ. అంటూ అక్క వైపు చూశారు. నాకు ఒళ్ళు మండింది. జీవితంలో ఒక్క ట్యూబుకి కూడా దూదిమూత సరిగ్గా పెట్టడం రానివాళ్ళు ఆమెని తప్పుపట్టడమా! ఆమె మాత్రం నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, నీ కుక్కరు సరిగ్గానే వేడెక్కుతోంది కదా?" అని అడిగింది. ఆ మాట నాకు చురుక్కుమంది. కానీ ఆమె మొహం చూశాక కోపం నిలవలేదు.

మేడం ఆ ట్యూబుని జన్యుపరీక్షకి పంపింది. రెండు వారాలకి ఫలితం వచ్చింది. ఏదీ కలవలేదు, అది అచ్చంగా నలభై ఒకటే. నేను అందరికీ వినపడేలా చదివాను. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే మేడం మా ఇద్దర్నీ పిలిచి అగర్ పోసిన ఒక గాజు ప్లేటు చూపించింది. దాని నిండా నిగనిగలాడే లావుపాటి చుక్కలు.

"అక్కా, ఇది అదే. కాకపోతే పోట్లాట మానేసింది. నేలలో బతకాలంటే పక్కవాటిని చంపే విషం తయారుచేసుకోవాలి. దానికి బోలెడంత శక్తి కావాలి. ఇక్కడ నెలనెలా మేత దొరుకుతుంది, శత్రువు లేడు. విషం చెయ్యడం మానేసినవి తొందరగా లావెక్కుతాయి. మీరు ప్రతిసారీ..."

"లావువే ఎంచాను" అంది అక్క. "మరి చిన్నవి?"

"అవే పనికొచ్చేవి. ఈ రెండు వారాలూ వెతికాను. ఒక్కటీ దొరకలేదు."

ఇరవై రెండేళ్ళు ఆమె కడుపులో పెట్టుకుని సాకింది, ఆ సాకుడే దాన్ని చెడగొట్టింది. వచ్చే నాట్లకి రైతుల చేతికి ఏమీ వెళ్ళదు.

"తప్పు మీది కాదక్కా, మీకు చెప్పిందే మీరు చేశారు" అంది మేడం. "ట్యూబులు దాచే ఫ్రిజ్ చెడిపోయి పాడైందని రిపోర్టులో రాస్తాను. నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. ఇప్పుడు మీకీ చెడ్డపేరెందుకు?"

మంచి మనసుతోనే అంది. నేను కూడా ఒప్పుకోమన్నట్టు తల ఊపాను. అక్క ప్లేటు వంక చూసింది.

"వద్దు మేడం. ఫ్రిజ్ అని రాస్తే నా తర్వాత వచ్చే పిల్ల కూడా లావువే ఎంచుతుంది. నేనే ఎంచానని రాయండి." మెడ పట్టుకుని లేచింది. "ఇంకో సంగతి. మిగతా అరవై మూడిటినీ కూడా నేను అలాగే ఎంచాను."

మేడం చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టేసింది. అప్పటిదాకా ఆ ఊహ మా ఎవరికీ రాలేదు. అక్క ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నాలుగు నెలలూ చల్లగా గడిచిపోయేవి, దండ వేయించుకుని ఇంటికి వెళ్ళిపోయేది. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, చేతులెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

మర్నాడు పొద్దున మేడం దగ్గరుండి చూస్తుండగా నేను కొత్త పరీక్షకి కుండీల మన్ను ఉడికిస్తుంటే అక్క వచ్చింది. రాత్రి కళ్ళు మూసినట్టు లేదు. అరవై మూడిట్లో మొదటిది, ఒకటో నంబరు ట్యూబు తీసి, లేబులు ఒకసారి చదువుకుని, మేడం ముందు పెట్టింది.

"బతికే ఉంది మేడం. పనిచేస్తుందేమో చూడండి."