కొంగు చాటు నంబరు

తెనాలిలో శకుంతల టీచరు కంప్యూటరు నేర్పే గదిలో పిల్లలకూ పెద్దలకూ ఒకటే పాఠం. పాస్‌వర్డు కొట్టేటప్పుడు ఆవిడ ఎడంచేత్తో కొంగు లాగి కీబోర్డు మీద కప్పుతుంది. "గుళ్లో నైవేద్యానికి తెర వెయ్యరూ? ఇదీ అంతే" అంటుంది. తొంగిచూసినవాళ్ల మీదికి సుద్దముక్క వస్తుంది, గురి తప్పదు. "ఫోన్లో గొంతు నాదైనా సరే, ఫోనుకొచ్చిన నంబరు చెప్పారంటే ఊరుకోను!" అన్నది రోజూ పాడే పల్లవి.

మొన్న పాఠం మధ్యలో గ్యాస్ బండ వచ్చిందని పక్కింటావిడ గుమ్మంలోంచి కేకేసింది. ఇంట్లో గ్యాసు అయిపోయి పొయ్యి పొద్దున్నే ఆరిపోయింది. టీచరు ఫోను బల్లమీదే వదిలేసి, పక్కవీధిలోని ఇంటికి పరుగెత్తింది. ఫోనుకొచ్చిన నంబరు చెబితేనే బండ దింపుతానన్నాడు గ్యాసతను. టీచరు అతని ఫోనుతోనే తన ఫోనుకు చేసింది. క్లాసులో అందరికన్నా పెద్దావిడ శేషమ్మ ఎత్తింది.

"శేషమ్మగారూ, నేనేనండి, శకుంతలని. ఇప్పుడు ఫోనుకొచ్చిన నంబరు కాస్త చదవండి."

"ఎవత్తివే నువ్వు? మా టీచరు గొంతు భలే తీస్తున్నావే! సిగ్గులేదూ?" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తనే లేదు. బండ తిరిగి ఆటో ఎక్కింది.

టీచరు రుసరుసలాడుతూ వచ్చేసరికి శేషమ్మ ఫోనును కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "టీచరుగారూ, ఎవత్తో అచ్చం మీలాగే మాట్లాడిందండి. బాగా గడ్డిపెట్టాను!"

టీచరు "మంచిపని చేశారండి" అని ఫోను తీసుకుని భర్తకు చేసింది.

"ఏవండీ, వచ్చేటప్పుడు హోటలు నుంచి ఇడ్లీలు పట్రండి. ఎందుకేంటి, పాఠం బాగా చెప్పాను కాబట్టి!"