సుక్రి ఎక్కని కొండ

1999లో నేను అరకు లోయలో, డుంబ్రిగుడకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పది మంచాలు, ఒక డాక్టరు గారు, ఇద్దరు నర్సులం, వానాకాలంలో నాలుగు చోట్ల కారే పెంకుల కప్పు. మాది విజయనగరం దగ్గర పల్లె. కొండల్లో ఉద్యోగం అనగానే ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. రెండేళ్లు చేసి దిగిపోదామని ఎక్కినదాన్ని ఎనిమిదేళ్లు ఉండిపోయాను. నాకు నోరు ముందు, బుర్ర వెనక అని మా అమ్మ అనేది. ఆ మాట ఎంత నిజమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో సిరలు, లింఫ్ నాళాల జబ్బులు చూసే ఒక వైద్యుల సంఘం రెండు మూడు నెలలకోసారి విశాఖ నుంచి వచ్చి మా దగ్గర క్యాంపు పెట్టేది. లింఫ్ అంటే మన కండల్లో ఊరే పలచటి నీరు. దాన్ని వెనక్కి మోసుకుపోయే సన్నటి నాళాలు పాడైతే ఆ నీరు కాల్లోనే నిలిచిపోయి కాలు ఉబ్బుతుంది. లింఫ్‌ఎడిమా అంటారు. దోమకాటు వల్ల వచ్చినదైతే జనం బోదకాలు అంటారు. గుండెకీ కంటికీ డాక్టర్లుంటారని తెలుసు గానీ, ఉబ్బిన కాళ్ల కోసం ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నవాళ్లు ఉంటారని నాకప్పటిదాకా తెలియదు. వాళ్లలో ఒక పెద్ద డాక్టరు గారు గోనెపట్టా పరుచుకుని నేల మీదే కూర్చునేవారు, రోగి పాదం తన ఒళ్లో పెట్టుకునేవారు. నాకు కట్టు కట్టడం నేర్పింది ఆయనే.

అలాంటి ఒక క్యాంపుకే సుక్రి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి కిందికి, ఇటుకబట్టీల పనికి నాలుగైదు ఏళ్లు పోయి వచ్చింది. అక్కడి దోమలు చేసిన పని తరవాత బయటపడింది. ఎడమకాలు మోకాలి కింద తాటిమొద్దులా అయిపోయింది.

మా వైపు అక్కను అప్ప అంటాం. "నీకు ఏటి కావాలి అప్పా? నొప్పి తగ్గాలా, వాపు తగ్గాలా?" అని అడిగాను. నేను టేపుతో కాలు కొలిచి, కేస్‌షీటు మీద అంకెలు వేసుకుని, మందుల చీటీ కూడా రాసేశాక అప్పుడు ఆమె అంది:

"మా ఊరికి ఎక్కాల, సిస్టరమ్మా."

ఆమె పుట్టిన ఊరు అత్తవారి ఊరి వెనక కొండ పైనే ఉంది. రోడ్డు లేదు. రాళ్ల మీద రెండు గంటల ఎక్కుడు. చైత్రమాసంలో ఇటుకల పండగకి, అంటే వాళ్ల విత్తనాల పండగకి, ఆ ఊరి ఆడపడుచులందరూ ఒక్కరోజే, కోడిపెట్టని చంకన పెట్టుకుని పైకి పోతారు. సుక్రి వెళ్లి తొమ్మిదేళ్లయింది.

"మీ అన్నదమ్ములు డోలీ కట్టి మోసుకుపోరా?"

"డోలీలో ఎల్లేది రోగాలోలు, పీనుగులు. పండక్కి ఆడపిల్ల నడిసే ఎల్లాల. ఊరి మొదట్ల మా వొదిన నా కాళ్లు కడగాల గదా."

ఈ జబ్బుకి వైద్యం కడగడంతోనే మొదలవుతుంది. సబ్బునీళ్లతో ప్రతి మడతా, ప్రతి వేలి సందూ కడిగి, తడి లేకుండా తుడవాలి. మొదటిసారి నేను పట్టుకోబోతే సుక్రి కాలు వెనక్కి లాగేసుకుంది. "ఒద్దు సిస్టరమ్మా, నువ్వు ముట్టుకోకు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. "కాలు నీదే గానీ పని నాది, ఇటియ్" అని కసిరాను. కసరడం నాకు తేలిక.

కడిగాక కంప్రెషన్ బ్యాండేజ్. వేళ్ల దగ్గర గట్టిగా, పైకి పోయే కొద్దీ వదులుగా చుట్టే పట్టీ. నిలిచిన నీటిని అది పైకి నెడుతుంది. మొదట్లో సంతరోజు మధ్యాహ్నం ఆమె వచ్చినప్పుడే కట్టి పంపేదాన్ని. మర్నాటికి జారిపోయేది. తప్పు పట్టీదని నేను, కాలిదని ఆమె అనుకున్నాం. పెద్ద డాక్టరు గారు విని, "ఎన్ని గంటలకు కడుతున్నావమ్మా?" అని ఒక్కమాట అడిగారు. పొద్దున్న పక్క మీంచి లేవకముందు, వాపు తక్కువగా ఉన్నప్పుడు కట్టాలి. మధ్యాహ్నం వాపు మీద కడితే రాత్రికి కాలు తగ్గి కట్టు వదులైపోతుంది. సుక్రి తొలికోడికే లేచి ఊటనీళ్లకు పోయే మనిషి. కాబట్టి ఆమెకే నేర్పాను. ఆ విద్య నాకు పట్టుబడడానికి నాలుగు నెలలు పట్టింది, ఆమెకు రెండు సంతలు. కొండచీపుర్లు కట్టి అమ్మే చెయ్యి అది. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో దానికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఏడాది తిరిగేసరికి చీలమండ ఎముక కనిపించింది. సుక్రి దాన్ని వేలితో తడిమి, "ఇది నాదే" అని నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇంకో పదేళ్లైనా కొండల్లో ఉండేదాన్ని. మరుసటి చలికాలానికి చీపుర్ల మోపు నెత్తిన పెట్టుకుని సంతకు నడిచి వచ్చేసింది. "ఈ సైత్రానికి ఎక్కుతాను" అంది.

అప్పుడే ఆ వైద్యుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఏప్రిల్లో విశాఖలో వాళ్ల వార్షిక సభ. నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. రోగికి ఇష్టమైతే వెంట తీసుకురావచ్చన్నారు. డాక్టర్ల సభలో ఒక నర్సు మాట్లాడడం! నేను నేల మీద నడవడం మానేశాను. అద్దం ముందు ఇంగ్లీషు వల్లె వేశాను, కొత్త చీర కొన్నాను. సంతలో సుక్రి చీపుర్లు పరుచుకున్న చోట గొంతుక్కూర్చుని అడిగాను.

"అప్పా, నాతో విశాఖ వస్తావా? రెండే రోజులు. పెద్దపెద్ద డాక్టర్లు నీ కాలు చూస్తారు. బండిచార్జీలు వాళ్లే ఇస్తారు."

సుక్రి చీపుర్ల వంక చూస్తూ ఉండిపోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. నేను దాన్ని పూర్తి అంగీకారంగానే జమకట్టుకుని, "అయితే రెడీగా ఉండు, స్టేషనుకి బేగి రావాలి" అని లేచిపోయాను. పండగ రోజు కేలండర్లో ఉండదు. ఏ ఊరికి ఆ ఊరి పెద్దలు కూర్చుని పెట్టుకుంటారు. అది నాకు తెలియక కాదు. వాళ్ల ఊరికి ఎప్పుడు పెట్టారని అడగాలని తోచలేదు.

రైల్లో సుక్రి పెద్దగా మాట్లాడలేదు. సొరంగాలకు భయపడుతోందనుకున్నాను.

సభలో చల్లటి గది, తెర మీద సుక్రి కాలి ఫోటోలు, అప్పటిదీ ఇప్పటిదీ. నేను తడబడకుండానే చెప్పాను. ఆఖర్న, సభ నడుపుతున్న పై రాష్ట్రపు డాక్టరు ఇంగ్లీషులో, "ఇప్పుడు మీకెలా ఉందో చెప్పమనండి" అన్నారు. నేను మైకు సుక్రి ముందు పెట్టాను. ఆమె నెమ్మదిగా అంది:

"ఇయ్యాల మా ఊళ్లో పండగ. ఆడపిల్లలు ఈపాటికి ఎక్కిపోయుంటారు."

అంతమంది నా మొహమే చూస్తున్నారు. "తను ఇప్పుడు బాగా నడవగలుగుతున్నానంటోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. హాలంతా చప్పట్లు. ముందు వరసలో పెద్ద డాక్టరు గారు ఒక్కరే కొట్టలేదు. ఆయనకు తెలుగు వచ్చు.

తిరుగు రైల్లో, "వచ్చే ఏడు నేనే దగ్గరుండి ఎక్కిస్తాను అప్పా" అన్నాను. "అలాగేలే సిస్టరమ్మా" అని తన కొంగులో ఉన్న వేరుసెనగకాయలు నా చేతిలో పోసింది. అవి చేతిలో పట్టుకునే స్టేషను దాకా వచ్చాను.

ఆ వానాకాలం ఊడ్పుల్లో సుక్రి బురదలో నిలబడింది. నిలబడకపోతే తిండి ఎలా? వేలి సందులో ఒరిసి, సూక్ష్మజీవులు దూరి, సెల్యులైటిస్ వచ్చింది. చర్మం కింద నిప్పులా పాకే వాపు, చలిజ్వరం. అది వచ్చి పోయిన ప్రతిసారీ మిగిలిన నాళాలు ఇంకొన్ని మూసుకుపోతాయి. జ్వరం తగ్గించగలిగాం. కాలు మళ్లీ బరువెక్కింది. చీలమండ కనిపించకుండా పోయింది. పెద్ద డాక్టరు గారు చూసి, కొంత తగ్గుతుంది గానీ ఆ రాళ్ల ఎక్కుడుకి ఇక ఈ కాలు పనికిరాదన్నారు.

మళ్లీ చైత్రం వచ్చింది. ఈసారి పండగ ఎప్పుడో ముందే కనుక్కుని, ఆ రోజు సెలవు పెట్టి వాళ్లింటికి పోయాను. సుక్రి అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. పైనుంచి తుడుము డప్పుల మోత గాలికి వస్తూ పోతూ ఉంది. "అదిగో, దరువు మారింది. ఆడపిల్లలు ఊరి మొదటికి ఒచ్చేరు" అంది. కాసేపటికి, "ఇప్పుడు కాళ్లు కడుగుతన్నారు" అంది. నేను ఉండబట్టలేకపోయాను.

"ఆ రోజు సంతలో పండగ సంగతి ఎందుకు చెప్పలేదు అప్పా? రానంటే నేనేమన్నా తినేస్తానా?"

నా జన్మలో మొదటిసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

"అడిగినావు గానీ నువ్వు ఆగనేదు గదా, సిస్టరమ్మా. సెప్దామని నోరు తెరిసేతలికి లేసి ఎల్లిపోనావు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

2003లో నేను మైదానానికి బదిలీ అయ్యాను. అప్పటికీ సుక్రి ఎక్కలేదు. ఇప్పుడు నా దగ్గరకొచ్చే కొత్త నర్సు పిల్లలకు కట్టు కట్టడం నేర్పుతాను. దానికన్నా ముందు, రోగిని ఏదైనా అడిగాక చేతిలో పని ఆపి కూర్చోమంటాను. "ఎంతసేపు మేడమ్?" అని నవ్వుతారు. జవాబు వచ్చేదాకా అంటాను. చైత్రం వస్తే మాత్రం నాకు ఇక్కడ కాలు నిలవదు. ఆ అరుగు మీద ఆమె పక్కన కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. సుక్రికి కొండెక్కే కాలు దక్కింది ఒక్క చైత్రానికే. ఆ చైత్రంలో ఆ కాలిని నేను విశాఖ తీసుకుపోయాను.