స్వీట్ల డబ్బాలో ప్లాటినమ్: హనుమకొండ నుంచి నాచారం దాకా

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కి ప్లాటినమ్ లేనిదే పని జరగదు. దాని ధర సంగతి మీకు తెలిసిందే. అందులో కోబాల్ట్ కలిపి, ప్లాటినమ్ తగ్గించి, అయినా పని తగ్గకుండా చూడాలన్నదే నా పీహెచ్‌డీ. మా ల్యాబులో, బీకరులో చేసే పరీక్షలో ఆ మిశ్రమ లోహపు పొడి బ్రహ్మాండంగా పనిచేసింది. అసలు సెల్‌లో నడిపి చూపిస్తే తప్ప చివరి అధ్యాయం ఒప్పుకోనని మా గైడ్ మేడమ్ తేల్చేశారు. సెల్ నడిపే యంత్రం నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో ఉంది. వాళ్లు ఒక్క రోజు ఇచ్చారు. నా దగ్గర మిగిలిన పొడి కూడా ఒక్క సెల్‌కే సరిపోయింది. ఇది పోతే ఏడాది పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. అలాంటి పని మీద మీలో ఎవరైనా అటు వెళ్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

పొడిని సిరాలా కలిపి ఒక పల్చటి ప్లాస్టిక్ పొరకు రెండువైపులా పూశాను. చూడటానికి అగ్గిపెట్టెంత నల్లటి చదరం, అంతే. దానికి మడత పడకూడదు, చిల్లు అసలే పడకూడదు. రెండు అట్టముక్కల మధ్య పెట్టి, ఇంట్లో కనిపించిన స్వీట్ల డబ్బాలో సర్దాను. హనుమకొండలో తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే తొమ్మిదికల్లా ఉప్పల్‌లో దిగొచ్చు. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తారు. సీటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది. నాకు దొరికింది కానీ, జనగామలో ఎక్కిన పెద్దమ్మ పక్కన కూర్చుంటూనే తన కూరగాయల సంచి తెచ్చి నా ఒళ్లో డబ్బా మీద పెట్టేసింది.

"అమ్మో, తీయండి, నలిగిపోతుంది!" అని అరిచాను.

"ఏం గాదు బిడ్డా. నలిగితే మాత్రం మిఠాయి రుచి పోతదా?" అందామె నింపాదిగా.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మొదటి సగం నాకు పుట్టుకతోనే వచ్చు. బోడుప్పల్ దగ్గర ఫ్లైఓవర్ పనుల దుమ్ములో బస్సు పాకుతున్నంతసేపూ డబ్బాలో పొరకు చిల్లు పడిపోయిందనే అనుకున్నాను.

ఉప్పల్ చౌరస్తాలో దిగి నాచారానికి నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. షేర్ ఆటోలో చవకే కానీ, ఇంకో సంచిని భరించే ఓపిక నాకు లేదు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా "మెల్లగా అన్నా" అంటుంటే డ్రైవర్ నవ్వాడు. "లడ్డూలకు గింత ఫికరేందక్కా?"

"లడ్డూలు కావన్నా, ప్లాటినమ్."

అతను అద్దంలోంచి డబ్బానూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "గట్ల ముందే చెప్పాలె గదా," అని ఆ తర్వాత పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడిపాడు.

కంపెనీలో ఇంజినీరు రాజేందర్ నా కోసమే ఎదురుచూస్తున్నాడు. చిల్కానగర్ వాడు, ఈ యంత్రంతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాడు. నా పొరను రెండు పలకల మధ్య బిగించి ముందు గ్యాసు లీకు పరీక్ష పెట్టాడు. చిల్లు లేదు! పెద్దమ్మను మనసులోనే క్షమించేశాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తెర మీద అంతకుముందు నడిపిన మామూలు ప్లాటినమ్ సెల్ గీత నీలంలో ఉంది, మాది ఎరుపు. గీత ఎంత పైనుంటే సెల్ అంత బాగా పనిచేస్తున్నట్టు. కరెంటు లాగడం మొదలుపెట్టగానే ఎర్రగీత బొక్కబోర్లా పడింది. మా బీకరులో పది నిమిషాల్లో ఫలితం తేలిపోతుంది. ఇక్కడ గంట దాటినా అది లేవలేదు.

"ఆపేయండి రాజేందర్ గారూ. విప్పి ఇచ్చేయండి, తీసుకెళ్లి ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుంటాను," అన్నాను.

"మీ సెల్, మీ ఇష్టం మేడమ్. నేనైతే విప్ప. కొత్తల నేను గిట్లనే గంటకే విప్పిన. పొర పలకకు అతుక్కొని చినిగింది. దానికి ఇంకా తడే ఎక్కలేదని తర్వాత తెలిసింది. తడి ఎక్కితేనే పొర పనిజేస్తది. జర తిని రాపోండ్రి, నేను గుంజే కరెంటు లోడు పెంచుకుంట, దించుకుంట దానికి నీళ్లు పట్టిస్త."

రోడ్డవతల ఉన్న మెస్‌లో కూర్చుని మేడమ్‌కి "ఫెయిల్ అయింది" అని మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబొచ్చింది: "విప్పావా?" తిడుతున్నారనుకుని ఫోన్ బోర్లించాను. పప్పు బాగుందట, పక్క బల్ల వాళ్లు అనుకుంటున్నారు.

"ఏందమ్మా, అన్నం గట్ల పిసుకుతున్నవ్? పరీక్ష గిట్ల తప్పినవా?" అని మెస్ ఆమె అడిగింది.

"ఇంకా దిద్దుతున్నారండీ."

"దిద్దెటోళ్లు దిద్దుతరు. నువ్వు తిను," అని ఇంకో గరిటె పప్పు వేసింది. తిన్నాను.

తిరిగి వెళ్లేసరికి ఎర్రగీత కొంచెం లేచింది. అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. రాజేందర్ లోడు మార్చిన ప్రతిసారీ అది వెంట్రుకవాసి పైకి జరుగుతోంది. సాయంత్రం టీ వచ్చేవేళకు నీలంగీతను తాకింది, తర్వాత దాటింది. సగం ప్లాటినమ్‌తో దాటింది! ఏడుపొచ్చింది నాకు. రాజేందర్ మర్యాదగా కిటికీ వైపు తిరిగి, "టీ సల్లారుతుంది మేడమ్," అన్నాడు.

మేడమ్‌కి ఫోన్ చేసి "విప్పలేదండీ" అన్నాను. అటువైపు నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఆవిడ కూడా మధ్యాహ్నం నుంచీ ఊపిరి బిగబట్టి ఉన్నారని అప్పుడు తెలిసింది. సెల్‌కి టైమివ్వాలని ముందే ఎందుకు చెప్పలేదని నిష్ఠూరమాడాను. "చెప్పాను. నువ్వప్పుడు కోబాల్ట్ ధ్యాసలో ఉన్నావు," అన్నారు.

మా ప్లాటినమ్‌కి పక్కన కోబాల్ట్ ఉండి పని చేయించింది. నాకు ఆ రోజు రాజేందర్, మెస్ ఆమె ఆ పని చేశారు. నాచారంలో అసలు లడ్డూలు కొనుక్కుని, కొత్త డబ్బా ఒళ్లో పెట్టుకుని, రాత్రి బస్సులో హాయిగా నిద్రపోయాను. ఎవరి సంచి దాని మీద ఎక్కిందో కూడా తెలియదు.

మీరు వెళ్తే మూడు సంగతులు గుర్తుంచుకోండి: పొద్దున్నే సెల్ బిగించేలా చూసుకోండి, తిరుగు టికెట్ ముందే చేయించుకోకండి, మొదటి గీత చూడగానే లేచి భోజనానికి వెళ్లిపోండి.